పుట అడుగున ఒక పేరు

పుస్తకం చేతికి రాగానే నేను ముందు పుట అడుగు భాగం చూస్తాను. ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్ళయినా ఈ అలవాటు పోలేదు. పైన రచయిత ఎంత గంభీరంగా ప్రసంగిస్తున్నా, కింద సన్నని గీత దిగువన, చిన్న అక్షరాల్లో, ఆ మాటలు ఆయనకు ఎవరి దగ్గర నుంచి వచ్చాయో వరసగా రాసి ఉంటుంది. గుమ్మం ముందు విడిచిన చెప్పులను చూసి లోపల ఎవరెవరు ఉన్నారో చెప్పగలిగినట్టే, పాదసూచికలను చూసి ఆ పుటలోకి ఎవరెవరు వచ్చి కూర్చున్నారో చెప్పవచ్చు. గుమ్మం ముందు ఒక్క జత చెప్పులైనా లేకుండా లోపల నుంచి పది గొంతులు వినిపిస్తే, ఆ ఇంటిని నేను అనుమానిస్తాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మా వసారాలో పడక కుర్చీలో కళ్ళు మూసుకుంటే కొబ్బరాకుల నీడ ముఖం మీద అటూ ఇటూ కదులుతుంది. ఆ వెలుగునీడల్లో నాకు అక్షరాలు కనిపిస్తాయి. ప్రతి వాక్యం చివరా, భుజం మీద వాలిన పిట్టలాగా, ఒక చిన్న అంకె ఉంటుంది. ఆ అంకె వెంట కిందికి దిగితే ఒక పేరు, ఒక ఊరు, ఒక సంవత్సరం. రేవు మెట్లు దిగినట్టు ఆ మగతలో పుటలు దిగుతూ పోతాను. ఆఖరి మెట్టు దగ్గర ఎప్పుడూ నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళ కింద ఒక లంక ఉంటుంది. నేనెన్నడూ చూడని లంక అది. అయినా దాని వాకిళ్ళు నాకు తెలుసు.

నేను అమలాపురంలో ఒక కళాశాలలో చరిత్ర బోధించాను. తొంభైలలో మా విద్యార్థులు వ్యాసాలు చేత్తోనే రాసేవారు. రెండువేల సంవత్సరం దాటాక ఎం.ఏ. రెండో ఏడు వారికి పరిశోధన వ్యాసం తప్పనిసరి అయింది. బస్టాండు ఎదుట డి.టి.పి. సెంటర్లు వెలిశాయి. చేతిరాత పోయి అచ్చు వచ్చింది గాని, ఆధారాల సంగతి మాత్రం మారలేదు. ‘పెద్దలు చెప్పినట్లు’ అని రాసేవారు. ‘చరిత్రకారుల అభిప్రాయం ప్రకారం’ అని రాసేవారు. ఏ పెద్దలు, ఏ చరిత్రకారులు అని నేను ఎర్ర సిరాతో అంచున అడిగేదాన్ని. బజారు నోట్సులోని ఒక వాక్యం, అందులోని అచ్చుతప్పుతో సహా, ముందు వరసలోని విద్యార్థి వ్యాసంలోనూ, వెనక వరసలోని విద్యార్థి వ్యాసంలోనూ ఒకే రోజు దర్శనమిచ్చేది.

అందుకని నేను ఒక కాగితం తయారు చేశాను. సైక్లోస్టైల్ తీయించి ఏటా పంచేదాన్ని. రచయిత ఇంటిపేరు, పేరు, గ్రంథం, ప్రచురణ స్థలం, ప్రచురించినవారు, సంవత్సరం, పుట. ఈ వరస తప్పకూడదు. కామా ఎక్కడ రావాలో, చుక్క ఎక్కడ పడాలో అందులో ఉంది. అదే ఆధారం వెంటనే మళ్ళీ వస్తే మొత్తం తిరగరాయనక్కర లేదు, ‘పైదే’ అని రాస్తే చాలు. ఎవరైనా నోటితో చెప్పిన సంగతి అయితే చెప్పినవారి పేరు, ఊరు, తేదీ ఉండి తీరాలి. మేడం గారు కామాలు లెక్కపెడతారని వరండాలో నవ్వుకునేవారని నాకు తెలుసు. దాన్ని నేను ఎన్నడూ నిందగా తీసుకోలేదు.

కారణం చెప్పకుండా నియమం చెప్పడం నాకు ఇష్టం ఉండేది కాదు. కనుక మొదటి తరగతిలోనే స్టీలు గిన్నెల ప్రస్తావన తెచ్చేదాన్ని. మన ఇళ్ళలో ప్రతి గిన్నె మీదా పేరు కొట్టించి ఉంటుంది. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను మన గిన్నెల్లో కలిపేసుకోము. తోమి, పేరు చూసి, ఉత్తది పంపకూడదు గనుక గుప్పెడు చిక్కుడుకాయలో, ఒక నిమ్మకాయో వేసి తిరిగి పంపుతాం. ఇతరుల మాట తెచ్చుకున్నప్పుడు కూడా అంతే చేయమన్నాను. పూజలో కూర్చున్నవాడి చేత పురోహితుడు సంకల్పం చెప్పిస్తాడు కదా, ఏ నది పక్కన, ఏ సంవత్సరంలో, ఏ తిథినాడు, ఏ గోత్రంలో పుట్టిన ఏ పేరు గలవాడు అని. అన్నీ తెలిసిన దేవుడికే ఇన్ని వివరాలు చెప్పవలసి వస్తే, ఏమీ తెలియని పరీక్షాధికారికి చెప్పనక్కర లేదా అని అడిగేదాన్ని.

ఈ పద్ధతి అందరికంటే త్వరగా పట్టుబడింది చర్చికి వెళ్ళే ఇళ్ళ పిల్లలకు. వాక్యం చదవడానికి ముందు అధ్యాయం, వచనం చెప్పడం వారికి ఊహ తెలిసినప్పటి నుంచి అలవాటు. ముమ్మిడివరం నుంచి వచ్చే ఒక అమ్మాయి సెలవు చీటీలో సైతం, మా అమ్మగారు నిన్న సాయంత్రం వంటింట్లో చెప్పిన ప్రకారం రేపు మా ఇంట శుభకార్యం అని రాసింది. ఆ చీటీని నేను చాలాకాలం దాచుకున్నాను.

ఇక లంక సంగతి.

ఆ వ్యాసం రాసిన అమ్మాయి రాజోలు వైపు గోదావరి గట్టు మీది ఒక ఊరి కోడలు. పెళ్ళయి, ఒక బిడ్డ తల్లి అయ్యాక చదువు మళ్ళీ మొదలుపెట్టింది. ఇంట్లో ఆమె వంతు పనిని తోడికోడలు తన మీద వేసుకుంది, రెండో ఏడు పూర్తయ్యే వరకు మాత్రమేనన్న ఒప్పందం మీద. గడువులోగా వ్యాసం అంగీకారం పొందకపోతే మరో ఏడు ఆగాలి. మరో ఏడు ఆ ఇంట్లో లేదు. ఈ సంగతి ఆమె నాకు విజ్ఞప్తిగా చెప్పలేదు, బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు గుర్తుండిపోయింది.

ఆమె ఎంచుకున్న అంశం గోదావరి పాయల నడుమ ఉండి, నదిలోనే కలిసిపోయిన ఒక లంక. అత్తవారి కుటుంబం ఒకప్పుడు అక్కడే ఉండేది. నది ఏటా ఒడ్డు కోసుకుంటూ వచ్చి పొలాలను, కొబ్బరి చెట్లను, చివరికి ఇళ్ళను తీసుకుంది. జనం తలో ఊరికీ చెదిరిపోయారు. ఏ పుస్తకంలోనూ ఆ లంక ప్రస్తావన లేదు. ఇళ్ళలో ఉన్న కాగితాలు ఇళ్ళతో పాటే పోయాయి. మిగిలిన ఆధారమల్లా అత్తగారి జ్ఞాపకం. ఆవిడ వసారాలో కూర్చుని కొబ్బరాకుల నుంచి ఈనెలు తీస్తూ మాట్లాడుతుంటే, కోడలు టేప్ రికార్డరు పక్కన పెట్టి ఆ మాటలన్నీ పట్టింది. వెనక ఈనె చీరిన చప్పుడు కూడా ఆ కేసెట్లలో వినిపించేది.

మొదటి ప్రతిని నేను ఒక సాయంత్రం వేళ, విద్యార్థులు వెళ్ళిపోయిన స్టాఫ్ రూములో చదివాను. చాలాకాలం తర్వాత నా ఎర్ర కలం పని లేకుండా కూర్చుంది. ఆ లంకలో ఒక మనిషి ఉండేవాడు. ఏటా వరద తీసి ఒడ్డు బయటపడగానే ఆయన అంచున ఒక గుంజ పాతేవాడు. ఇంటి గుమ్మం నుంచి ఆ గుంజ దాకా కొబ్బరి తాడుతో కొలిచేవాడు. ఈ ఏడు నది ఎంత తిన్నదీ, ఇంకెంత మిగిలిందీ సాయంత్రం అరుగు మీద కూర్చుని పైకి చెప్పేవాడు. ఆ కొలతలన్నీ అప్పట్లో ఆ ఇంటి చిన్నకోడలైన ఈ అత్తగారి మనసులో ఉండిపోయాయి. తాటితోపు పోయిన ఏడు, పశువుల పాక పోయిన ఏడు, పెరట్లో నుయ్యి నదిలో కలిసిన ఏడు. చదువుతుంటే, కాళ్ళ కింద నేల ఒక్కొక్క తాడు చొప్పున వెనక్కి జరుగుతున్నట్టు అనిపించింది. కిటికీ బయట చూశాను. మైదానం ఉన్నచోటే ఉంది.

అప్పుడు పుట అడుగు చూశాను. మొదటి పాదసూచిక: బావగారు. రెండవది: పైదే. మూడవది: పైదే. పుట తిప్పాను. పైదే, పైదే, పైదే. వ్యాసం చివరి వరకు అదే వరస. కామాలు మాత్రం ఉండవలసిన చోటనే ఉన్నాయి.

మర్నాడు పిలిచాను.

“ఈ బావగారు ఎవరమ్మా?”

“అత్తయ్యగారికి బావగారండి. మావయ్యగారికి సొంత అన్నగారు.”

“పేరు?”

ఆమె చీర కుచ్చెళ్ళ వైపు చూసింది. “తెలీదండి.”

అడిగిన మీదట తెలిసింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. లంక నుంచి ఇల్లు ఇవతలి గట్టుకు మారిన తర్వాత ఎంతోకాలం బతకలేదు. ఆమె మామగారు కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఆమె భర్త చిన్నతనంలో ఆయనను పెదనాన్న అని పిలిచాడు. పెదనాన్నకు వేరే పేరుంటుందని అతడికి తోచలేదు. లంకలో అందరూ పెద్దబ్బాయిగారు అనేవారట. ఏ కార్డు మీదా, ఏ పట్టా మీదా అసలు పేరు మిగల్లేదు. ఇప్పుడది తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ అత్తగారు.

“మరి ఆవిడనే అడగలేకపోయావా?”

“అడిగేనండి. బావగారి పేరు నోటితో ఎలా చెప్తానే అన్నారండి.”

ఇందులో ఆశ్చర్యం లేదు. ఆవిడ తరంలో భర్త పేరు, భర్త అన్నగారి పేరు నోట రానిచ్చేవారు కారు. బావగారి ఎదటికే వచ్చేవారు కారు. ఇది నాకూ తెలిసిన మర్యాదే. అయినా వరస పేరు కాదని, పేరు పేరేనని చెప్పాను. అమలాపురం నుంచి రాజోలు దాకా ప్రతి ఇంట్లోనూ ఒక బావగారు ఉంటారు, వారిలో గుంజ పాతినవారు ఎవరో పరీక్షాధికారి ఎలా పోల్చుకోవాలి అని అడిగాను. ఆమెకు నవ్వు వచ్చింది. నేను నవ్వలేదు.

ఈ సంభాషణ వరండాలో ఎవరో విన్నారు. ఆ వారమంతా ఆమె పేరు తోటివారి నోట ‘పైదే’ అయిపోయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవగానే, ఈవేళేం కూర పైదేగారూ అని ఒకరు అడిగేవారు. ఆమె మూత తీసి చూపించి, “పైదే” అనేది. నిన్నటి వంకాయే.

ఇంట్లో ఆమె చేసిన ప్రయత్నాలు నాకు తర్వాత తెలిశాయి. దేవుళ్ళ పేర్లన్నీ వరసగా చదివి, వీటిలో ఒకటయితే తల ఊపమంది. తల ఊపినా చెప్పినట్టేనన్నారు అత్తగారు. పిల్లవాడి అక్షరాల పుస్తకం తెరిచి మొదటి అక్షరం మీద వేలు పెట్టమంది. వేలితో చెప్తే పాపం వేలికి పోతుందా అన్నారు. ఆవిడకు సంతకం మించి రాయడం రాదు గనుక ఆ దారి కూడా మూసుకుపోయింది. తోటి విద్యార్థిని ఒకామె సులువైన మార్గం సూచించింది. “ఏదో ఒక పేరు రాసెయ్యవే. గోదారొచ్చి కాదంటాదా?”

ఆ సలహాను ఆమె నాకు దాచకుండా చెప్పింది. “లేని పేరు పెట్టేస్తే, ఉన్నాయన ఇంక ఎక్కడా ఉండరు కదండి” అని మాత్రం అంది.

పేరు తెలియని చోట పేరు తెలియదని రాయడానికి నా కాగితంలో అవకాశం ఉంది. ఆ వెసులుబాటు ఇస్తే ఆమె వ్యాసం గట్టెక్కుతుందేమోనని ఆలోచించాను. కాని ఇక్కడ పేరు తెలియకపోవడం లేదు. ఒక మనిషి దగ్గర భద్రంగా ఉంది. తెలిసిన పేరును తెలియదని రాయడం నా దృష్టిలో అబద్ధమే. పైగా ఆ వ్యాసంలో మరో సాక్షి లేడు. కొలిచినవారెవరో తెలియకపోతే కొలతకు విలువ ఏముంటుంది? గడువు దగ్గర పడుతోంది. విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళకూడదన్నది నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పాటించిన నియమం. ఆ ఆదివారం దాన్ని పక్కన పెట్టి రాజోలు బస్సు ఎక్కాను.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. వర్షం వచ్చి వెలిసిన ఉదయం. కాలువ వెంట రోడ్డు, రోడ్డు వెంట కాలువ, రెండింటి మీదా కొబ్బరి చెట్లు వంగి ఒకదాని మాట మరొకటి వింటున్నట్టున్నాయి. బస్సు అద్దంలో నా ముఖం, ముఖం మీదుగా వరిచేలు పోతున్నాయి. ఏ ఊరు వచ్చిందో, ఏ ఊరు పోయిందో తెలియలేదు. అన్ని వాకిళ్ళూ తడిసి, అన్ని అరుగులూ ఒకేలా మెరుస్తున్నాయి. రాజోలులో దిగి ఆటో ఎక్కాను. ఆటో గట్టు మీదికి ఎక్కగానే గోదావరి కనిపించింది. నీళ్ళ మీద సన్నని పొగమంచు. అవతలి ఒడ్డు ఉందో, ఉందని అనుకుంటున్నానో చెప్పలేను.

ఇల్లు పెంకుటిల్లు. చిన్నదే. ముందు ద్వారబంధం మాత్రం ఆ ఇంటికి మించిన పెద్దది. బలమైన టేకు, మీద చెక్కిన తామరలు. లంక ఖాళీ చేసిన రోజున బావగారు ద్వారబంధాన్ని, తలుపులను ఊడదీయించి పడవ మీద తెచ్చారట. గోడలు మళ్ళీ కట్టుకోవచ్చు, ఇలాంటి గుమ్మం దొరకదు అన్నారట. ఇవతలి ఇంటిని ఆ గుమ్మం చుట్టూ కట్టారు.

అత్తగారు సన్నని మనిషి, తెల్లని జుట్టు, నవ్వు కళ్ళల్లోనే దాచుకునే స్వభావం. నాకు కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, తాను గడప పక్కన పీట మీద కూర్చున్నారు. లంక ఎక్కడ ఉండేదని అడిగాను. వసారాలో నుంచే నది వైపు చెయ్యి చూపించారు.

“అదిగోనండి, ఆ గుర్రపుడెక్క గుబురు చూసేరా? దానికి ఇవతల మా వంటిల్లు.”

గుర్రపుడెక్క నెమ్మదిగా కిందికి కొట్టుకుపోతోంది. దానితో పాటు వంటిల్లు కూడా సముద్రం వైపు కదిలింది. ఆవిడా అది గమనించారు. కళ్ళు చికిలించి, “ఆయ్, ఇప్పుడు పశువుల పాక దగ్గరికొచ్చింది లెండి” అన్నారు.

కొలతల గురించి అడిగినప్పుడు ఆవిడ గొంతు మారింది. బావగారు అరుగు మీద కూర్చుని చెప్పేవారట. తాను తలుపు వెనక నిలబడి వినేవారట. ఇదే తలుపు. ఆ ఇంట్లో కాపురం ఉన్నన్ని ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఎదటికి రాలేదు.

“అరుగు మీద ఇంకెవరూ లేకపోయినా గట్టిగానే చెప్పేవారండి” అన్నారు. “తలుపెనకాల నేను వింటన్నానని ఆయనకి తెలుసు.”

నేను తలుపు వైపు చూశాను. ఒక ఇంటి చరిత్ర అంతా ఆ చెక్క గుండా ఇవతలికి వచ్చింది. చెప్పినవారు విన్నవారిని చూడలేదు, విన్నవారు చెప్పినవారిని చూడలేదు. నా సైక్లోస్టైల్ కాగితంలో దీనికి చోటు లేదు.

నేను వచ్చిన పని చెప్పాను. ఈ వ్యాసమంతా మీరు విన్న మాట మీదే నిలబడి ఉంది, మీరు విన్నది ఆయన చెప్పిన మాట, చెప్పినవారికి పేరు లేకపోతే చదివేవారు ఆయన అసలు లేరనుకుంటారు అన్నాను. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన విషయమే, అదే స్వరంతో చెప్పాను.

“లేరనుకుంటారాండి?” అని అడిగారు ఆవిడ.

“అనుకుంటారు.”

ఆవిడ చేతిలోని ఈనెను కింద పెట్టారు. చాలాసేపు నది వైపు చూశారు. గుర్రపుడెక్క అప్పటికి కనుచూపు దాటిపోయింది. తర్వాత మెల్లగా లేచారు.

“ఇక్కడ కూచుని చెప్పలేనండి, పంతులమ్మగారు.”

వాకిట్లోకి దిగి, చెంబుతో కాళ్ళు కడుక్కున్నారు. కొంగు సర్దుకుని, గుమ్మానికి బయట, కొత్త కోడలు నిలబడే చోట నిలబడ్డారు. కోడలిని పిలిచి లోపలివైపు నిలబడమన్నారు.

“అడ్డు నించోవే. ఆడపడుచు అడిగినట్టు అడుగు.”

అప్పుడు నాకు అర్థమైంది. పెళ్ళయి మొదటిసారి అత్తవారింటికి వచ్చిన వధువును ఆడపడుచులు గుమ్మంలో ఆపి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామని పంతం పడతారు. ఆ ఒక్క చోట, ఆ ఒక్కసారి, పేరు పైకి చెప్పవచ్చు. చెప్పి తీరాలి. ఆవిడ కొత్త కోడలిగా ఆ పేరు చెప్పింది ఈ గుమ్మంలోనే. నది తీసుకుపోయిన వీధిలో, నది తీసుకుపోయిన వాకిట్లో, ఈ తామరల కింద.

కోడలు టేప్ రికార్డరును గడప పక్కన పెట్టి మీట నొక్కింది. చెయ్యి చాపి ద్వారబంధానికి ఆనించింది. “పేరు చెప్పి లోపలికి రండి, అత్తయ్యగారు” అంది.

“అంత మెత్తగా అడిగితే ఎవరు చెప్తారే? మా ఆడపడుచు చెయ్యి ఇక్కడ మేకు కొట్టినట్టుండేది.”

కోడలు చెయ్యి బిగించింది. ఆవిడ తల వంచుకుని భర్త పేరు చెప్పారు. ఆ గొంతులో పదహారేళ్ళ సిగ్గు ఉంది. చెప్పి, కుడికాలు గడప మీదుగా లోపల పెట్టారు. పెట్టి ఆగారు. కోడలి చెయ్యి ఇంకా తీయలేదు. కేసెట్టు తిరుగుతున్న సన్నని రొద వినిపిస్తోంది. ఆవిడ మా ఇద్దరి వైపూ చూడలేదు. తెరిచి ఉన్న తలుపు వైపు, ఆ తలుపు వెనక తాను నిలబడే చోటు వైపు చూస్తూ, బావగారి పేరు చెప్పారు. ఇంటిపేరుతో, చివర గారు చేర్చి. ఒక క్షణం ఆగి, ఎవరూ అడగకుండానే తన పేరు కూడా చెప్పారు.

కోడలు చెయ్యి తీసింది. ఆవిడ లోపలికి వచ్చి పీట మీద కూర్చుని, మళ్ళీ ఈనె చేతిలోకి తీసుకున్నారు.

“గుమ్మంలో చెప్పిన పేరుకి తప్పు లేదని మా అత్తగారు ఆవేళే అన్నారండి” అన్నారు నాతో. “ఇది నా మాట కాదు, మా అత్తగారి మాట. అదీ రాసుకోండి.”

నా జీవితమంతా నియమాలను బోధించాను. నియమానికి లోబడుతూనే దాని నుంచి బయటకు వచ్చే దారి కనిపెట్టి, ఆ దారికి కూడా ఆధారం చూపించిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆ మూడు పేర్లనూ ఇక్కడ రాయను. అవి ఉండవలసిన చోట ఉన్నాయి.

తిరిగి వచ్చాక ఆ పాదసూచికను ఎలా కూర్చాలన్నది నాకూ ఆ అమ్మాయికీ పెద్ద చర్చ అయింది. ముందు బావగారి ఇంటిపేరు, పేరు. తర్వాత ఊరు. ఊరు అన్నచోట లంక పేరు రాసి ఆమె నా వైపు చూసింది. ఆ ఊరు ఇప్పుడు లేదు కదా, పాఠకుడు వెతుక్కుంటూ వెళితే ఏం దొరుకుతుంది? కామా పెట్టి, ‘ప్రస్తుతం గోదావరి’ అని చేర్చమన్నాను. ఆ తర్వాత విన్నవారి పేరు. చివరిగా, విన్న తీరు. ‘తలుపు చాటు నుంచి విన్నది’ అని ఆమె పెన్సిలుతో రాసి తెచ్చింది. అలాంటి మాటను నేను ఎన్నడూ అంగీకరించి ఉండను. ఈసారి పెన్సిలు రాతను సిరాతో దిద్దమన్నాను.

డి.టి.పి. సెంటరు కుర్రవాడికి ఇది నచ్చలేదు. పాదసూచిక పొడుగై పక్క పుటలోకి జారిపోతోందని, సగం తీసేస్తే చక్కగా కూర్చుంటుందని అన్నాడు. ఏ సగం అని అడిగాను. అతడు తెర వైపు చూసి, తల గోక్కుని, పైన ఒక వాక్యాన్ని కిందికి జరిపాడు. ఆ పుటలో అడుగు భాగం పై భాగం కంటె పెద్దదయింది. తర్వాతి పుటల్లో అన్నీ పైదేలే. ఇప్పుడు వాటికి పైన నిజంగా ఒక మనిషి ఉన్నాడు.

వ్యాసం గడువులోగా వెళ్ళింది. మౌఖిక పరీక్షకు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెద్దమనిషి పుటలు తిప్పుతూ ఆ పాదసూచిక దగ్గర ఆగారు. ప్రస్తుతం గోదావరి అంటే ఏమిటని అడిగారు. ఊరున్న చోట ఇప్పుడు నది ఉందండి అని ఆమె చెప్పింది. ఆయన కిటికీ నుంచి బయటకు చూశారు. ఏమి చూశారో తెలియదు, అక్కడ నుంచి నది కనిపించదు. తర్వాత మరి రెండు ప్రశ్నలు అడిగి, సంతకం చేశారు.

ఫలితాలు వచ్చిన వారం ఆమె మా ఇంటికి వచ్చింది. స్టీలు గిన్నెలో కొబ్బరి లౌజు తెచ్చింది. గిన్నె అంచున కొట్టించిన పేరు చూసి, బల్ల మీద విడిగా పెట్టాను. బైండు చేయించిన వ్యాసం ఇంటికి వెళ్ళిందా, అత్తగారు చూశారా అని అడిగాను.

చూశారంది. మొదటి పుట నుంచి చదివి వినిపించమన్నారట. ఈనెలు తీస్తూ విన్నారట. తాటితోపు పోయిన ఏడు దగ్గర అవునని తల ఊపారట. నుయ్యి పోయిన ఏడు ముందా, పాక పోయిన ఏడు ముందా అని కోడలితో వాదించి, చివరికి కోడలు రాసిందే ఒప్పుకున్నారట. పుట అడుగుకు వచ్చేసరికి, ఆ చిన్న అక్షరాలు కూడా చదవమన్నారట.

“బావగారి పేరు చదవగానే లేచేసేరండి. కొంగు ముందుకి లాక్కుని, గబగబా తలుపెనక్కి వెళ్ళి నించున్నారు. ఏంటత్తయ్యగారూ, ఆగిపోనా అన్నానండి.”

“ఏమన్నారు?”

“ఆగద్దే, చదువు, వింటన్నాను అన్నారండి, తలుపెనకాల్నుంచి.”